కోడి కూయకపోయినా తెల్లవారేదా?



గత సంవత్సరం ఇదే సంచికలో నేను రాసిన ఒక మాటను ఈసారి సరిదిద్దుకోవలసి ఉంది. మన సొసైటీ నెలనెలా నడిపే ఉచిత షుగర్ శిబిరం గురించి రాస్తూ, “శిబిరానికి క్రమంగా వస్తున్నవారిలో ఎక్కువమందికి షుగర్ అదుపులోకి వచ్చింది. ఇది మన శిబిరం సాధించిన విజయం” అన్నాను. మొదటి వాక్యానికి రిజిస్టరులో ఆధారం ఉంది. రెండో వాక్యానికి లేదు. అయినా రాశాను, మీరు చదివి సంతోషించారు, కొందరు చందా కూడా పెంచారు. అందుకే ఈ వివరణ మీకు ఇవ్వవలసిన బాధ్యత నాపై ఉంది.

ఈ తప్పు నాకు చూపించింది మన సొసైటీ విద్యార్థినే. మీరిచ్చిన ఉపకార వేతనంతో ఇంటర్, డిగ్రీ చదివిన ఒక దర్జీ గారి అమ్మాయి. ఇప్పుడు ప్రజారోగ్య శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. తన పేరు రాయవద్దని కోరింది కాబట్టి రాయడం లేదు. మొన్న రంజాన్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. సేమ్యా తింటూ “ఏ విషయం మీద పరిశోధన చేస్తున్నావు బేటీ?” అని అడిగాను. “కాజల్ ఇన్ఫరెన్స్ సార్” అంది. పక్కనే ఉన్న మా ఆవిడ “కాటుక మీద కూడా పీహెచ్‌డీ ఉందా?” అని ఆశ్చర్యపోయింది. అందరం నవ్వుకున్నాం. కాజల్ అంటే కాటుక కాదు, కారణానికి సంబంధించినది అని అర్థం. ఫలానా మందు వల్లే రోగం తగ్గిందా, ఫలానా అలవాటు వల్లే జబ్బు వచ్చిందా అని తేల్చే శాస్త్రం అది. తెలుగులో కారణ నిర్ధారణ అనుకోవచ్చు.

తర్వాత బల్ల మీదున్న మన సంచిక తీసి, నా వ్యాసం చదివి, చాలా మర్యాదగా ఒక ప్రశ్న అడిగింది. “సార్, శిబిరం లేకపోతే వీళ్ల షుగర్ ఎలా ఉండేది?”

నా దగ్గర సమాధానం లేదు.

ఆకు నేర్పిన పాఠం

నేను జీవశాస్త్రం చెప్పే పంతులిని. ఆకులో పిండిపదార్థం తయారు కావడానికి వెలుతురు అవసరమని నిరూపించే ప్రయోగం ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చేయించానో లెక్కలేదు. మొక్కను ముందు చీకట్లో ఉంచి, తర్వాత ఒక ఆకులో కొంత భాగాన్ని నల్లకాగితంతో కప్పి ఎండలో పెడతాం. ఆ పైన అయోడిన్ పరీక్ష చేస్తే ఎండ తగిలిన భాగం నీలినలుపుగా మారుతుంది, కప్పిన భాగం మారదు. మొక్క ఒకటే, ఆకు ఒకటే, నీరు ఒకటే. తేడా వెలుతురు ఒక్కటే. కాబట్టి కారణం వెలుతురే.

ఆ అమ్మాయి ఇదే గుర్తుచేసింది. “మనిషిని ఆకులాగా సగం కప్పలేం సార్. ఒకే మనిషికి మందు ఇచ్చి చూడటం, ఇవ్వకుండా చూడటం రెండూ ఒకేసారి కుదరవు. ఒకటి చూస్తే రెండోది ఎప్పటికీ కనబడదు. మా శాస్త్రమంతా ఆ కనబడని సగం కోసమే.”

మన పెద్దలు ఈ సంగతిని ఒక ముసలమ్మ కథగా చెప్పారు. తన కోడి కూస్తేనే ఊరు తెల్లవారుతుందని, తన కుంపటి ఉంటేనే ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయని ఆమె నమ్మకం. ఊరిమీద అలిగి కోడినీ కుంపటినీ పట్టుకొని వెళ్లిపోయింది. ఊరు మాత్రం ఎప్పటిలాగే తెల్లవారింది. ఇన్నాళ్లూ ఆమె అబద్ధం చెప్పలేదు. రోజూ కోడి కూసేది, రోజూ తెల్లవారేది. కోడి లేని ఉదయాన్ని చూడకపోవడం వల్లే ఆమె పొరబడింది.

టానిక్ లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఇది కేవలం ఊహించిన లెక్క. ఒక ఊళ్లో 200 మంది పిల్లలు ఉన్నారనుకోండి. వారిలో 100 మంది కలిగిన ఇళ్లవారు, 100 మంది లేని ఇళ్లవారు. బజారులో ఒక టానిక్ వచ్చింది. కలిగిన ఇళ్లలో 80 మంది కొన్నారు, లేని ఇళ్లలో 20 మంది మాత్రమే కొనగలిగారు. ఆ టానిక్‌లో ఏమీ లేదు, అది చక్కెర నీళ్లే. కలిగిన ఇళ్ల పిల్లల్లో టానిక్ తాగినా తాగకపోయినా నూటికి 10 మంది జబ్బుపడతారు. లేని ఇళ్ల పిల్లల్లో తాగినా తాగకపోయినా నూటికి 40 మంది జబ్బుపడతారు.

టానిక్ తాగిన 100 మందిని లెక్కపెట్టండి. కలిగినవారు 80 మందిలో 8 మంది, లేనివారు 20 మందిలో 8 మంది, మొత్తం 16 మంది జబ్బుపడ్డారు. తాగని 100 మందిలో కలిగినవారు 20 మందికి ఇద్దరు, లేనివారు 80 మందికి 32 మంది, మొత్తం 34 మంది. చూసినవారు ఏమంటారు? “టానిక్ తాగితే జబ్బులు సగానికి తగ్గుతాయి” అంటారు. లెక్కలో తప్పు లేదు, కాని మాట తప్పు. జబ్బును తగ్గించింది టానిక్ కాదు, ఇంట్లో ఉన్న తిండి, శుభ్రమైన నీరు. ఇలా మందు వెనుక దాగి ఫలితాన్ని తారుమారు చేసే కారణాన్ని కలగాపులగం చేసే కారణం అనుకుందాం.

చక్కెర నీళ్లకు డబ్బు మాత్రమే పోతుంది. అసలైన మందు విషయంలో ఇదే పొరపాటు జరిగితే పోయేది ప్రాణాలు.

నర్సులు చెప్పిన సంగతి

అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. వారి అలవాట్లు, మందులు, జబ్బులు ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చారు. ముట్లుడిగిన తర్వాత హార్మోన్ మాత్రలు వాడుతున్న స్త్రీలకు గుండెజబ్బు వచ్చే అవకాశం వాడనివారితో పోలిస్తే దాదాపు సగమేనని 1991లో ఆ అధ్యయనం తెలిపింది. అలాంటి ఫలితాలను చూసి గుండెకు రక్షణగా ఆ మాత్రలు రాసిన వైద్యులు ఎందరో. వాడిన స్త్రీలు లక్షలాది మంది.

తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చేపట్టిన ప్రయోగంలో 50 నుంచి 79 ఏళ్ల వయసున్న 16,608 మంది స్త్రీలను చీటీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు హార్మోన్లు కలిసిన మాత్ర, రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మేలుకన్నా కీడు ఎక్కువగా కనబడటంతో 2002 జూలైలో ఆ ప్రయోగాన్ని ముందుగానే ఆపేశారు. ఏడాదికి ప్రతి 10,000 మందిలో గుండెజబ్బులు 7, పక్షవాతం 8, రొమ్ము క్యాన్సర్ 8 చొప్పున మాత్ర వాడినవారిలో ఎక్కువగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం మాత్రం 5 తగ్గింది. గుండెను కాపాడుతుందనుకున్న మాత్ర గుండెను కాపాడలేదు.

(ఇది చదివి ఎవరూ మందులు మానవద్దు. ముట్లుడిగే వయసులో కలిగే బాధలకు ఈ మాత్రలు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఎవరికి, ఎంతకాలం అన్నది డాక్టరు గారే చెప్పాలి.)

నర్సులు అబద్ధం చెప్పారా? లేదు. మాత్రలు వాడినవారు, వాడనివారు మొదటినుంచీ ఒకేలాంటివారు కారన్నది ఒక అనుమానం. అంటే మన టానిక్ లెక్కే. లెక్కపెట్టిన తీరులో కూడా ఒక లోపం ఉందని తర్వాత బయటపడింది. దాని గురించి కింద చెబుతాను.

చీటీ వేయడం ఎందుకు?

పోల్చి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. సుమారు 1100 సంవత్సరాల కిందట రయ్, బాగ్దాద్ నగరాల్లో వైద్యం చేసిన అబూబకర్ అర్-రాజీ, మెదడు పొరల వాపు లక్షణాలున్న రోగుల్లో కొందరికి రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి తేడా గమనించారు. రక్తం తీయడం మేలు చేసిందని ఆయన తేల్చారు. ఈనాటి వైద్యం దాన్ని ఒప్పుకోదు. ప్రశ్న గొప్పదే. అయితే రెండు గుంపులూ మొదట సమానంగా ఉండేలా చూసే ఉపాయం అప్పటికి లేదు.

ఆ ఉపాయమే చీటీ. ఎవరికి మందు, ఎవరికి కాదు అన్నది డాక్టరు ఇష్టానికీ రోగి స్తోమతకీ వదలకుండా చీటీకి వదిలేస్తే, ఉన్నవారూ లేనివారూ, బలమైనవారూ బలహీనులూ రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. మనకు తెలిసిన తేడాలే కాదు, తెలియనివి కూడా సర్దుకుంటాయి. మనిషిని సగం కప్పలేం కాని, మనుషుల గుంపును ఇలా సగం కప్పవచ్చు.

బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందును ఇలాగే పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించారు. అప్పుడు మందు చాలా కొరతగా ఉంది. అందరికీ ఇచ్చే వీలే లేదు. కాబట్టి చీటీ వేయడమే న్యాయమైంది. ఆరు నెలల్లో మందు పొందిన 55 మందిలో నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది చనిపోయారు. మందు పనిచేస్తుందని ఇక అనుమానం మిగల్లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసుది. ఆ రోజుల్లో క్షయ వస్తే శానటోరియంలో చేరాల్సిందేనని నమ్మకం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు తెలియని పెద్దలు మనలో ఉండరు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఉంటేనే నయమవుతుందనేవారు. పడకలు కొద్ది, రోగులు కొల్లలు. 1956లో మద్రాసులో వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పేద రోగులను చీటీ పద్ధతిలో రెండుగా విభజించి, ఇద్దరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఒక గుంపును శానటోరియంలో ఉంచారు, రెండో గుంపును ఇంట్లోనే ఉంచారు. ఇంట్లో ఉన్నవారికి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా నయమవడంలో ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా ఇంటి వైద్యం వల్ల పెరగలేదు. నయం చేసింది గాలి, విశ్రాంతి కన్నా ముఖ్యంగా మందేనని తేలింది. ప్రపంచమంతా క్షయ రోగులకు ఇంటివద్దనే మందులివ్వడానికి ఆ మద్రాసు ఫలితం దారి వేసింది. ఆ ప్రశ్న అడగకపోతే దాతల సొమ్ము ఇంకా ఎన్ని శానటోరియం గోడలకు పోయేదో ఆలోచించండి.

చీటీ వేయలేనిచోట

అన్నిటికీ చీటీ కుదరదు. “నీకు చీటీ వచ్చింది, ఇరవై ఏళ్లు సిగరెట్లు తాగు” అని ఎవరినీ అనలేం. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో ప్రకటించిన తర్వాత, గణాంక శాస్త్రంలో మహా పండితుడైన ఫిషర్ ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చే ఏదో గుణమే సిగరెట్ అలవాటునూ క్యాన్సర్‌నూ రెండింటినీ తెస్తుండవచ్చు కదా అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. 1959లో కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు జవాబిచ్చారు. సిగరెట్ తాగేవారిలో క్యాన్సర్ తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉంటే, దానంతటికీ దాగిన గుణమే కారణం కావాలంటే, ఆ గుణం కూడా తాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. అంతటి గుణాన్ని ఎవరూ చూపలేకపోయారు. పైగా సిగరెట్లు మానినవారిలో ప్రమాదం తగ్గుతూ వచ్చింది.

మన అమ్మాయి పని ఇలాంటి చోటే. ఆస్పత్రుల్లో పేరుకుపోయిన పాత రికార్డుల నుంచి మందు మేలును తేల్చడం. “ముందు ఒక కాగితం మీద, చీటీ వేయగలిగితే ప్రయోగం ఎలా చేసేవాళ్లమో రాసుకుంటాం సార్. ఎవరిని చేర్చుకుంటాం, ఏ రోజు నుంచి లెక్కపెడతాం, ఎవరితో పోలుస్తాం. తర్వాత రికార్డుల్లో ఆ ప్రయోగానికి దగ్గరగా ఉన్నవారినే వెతుకుతాం” అంది.

“ఏ రోజు నుంచి” అన్న మాట ఎందుకంత ముఖ్యమో నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు ఇలా చెప్పింది. “హజ్ చేసివచ్చిన పెద్దలనూ చేయనివారినీ పోల్చి, హజ్ చేసినవారు ఎక్కువకాలం బతికారని ఎవరైనా లెక్క చూపిస్తే నమ్మకండి సార్. అరవయ్యో ఏట హజ్‌కు వెళ్లాలంటే అరవై ఏళ్లు బతికి ఉండాలి కదా. ముప్ఫై ఏళ్లకే పోయినవాళ్లందరూ చేయనివాళ్ల లెక్కలో పడతారు. హజ్ పుణ్యం అల్లాహ్ దగ్గర ఉంది. దానికి ఈ తప్పు లెక్క సాక్ష్యం అక్కర్లేదు.”

నర్సుల అధ్యయనంలో జరిగింది దీనికి దగ్గరిదే. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారిని లెక్కలోకి తీసుకున్నారు. మొదలుపెట్టిన కొద్దికాలంలోనే గుండెజబ్బు వచ్చినవారు, మానేసినవారు ఆ లెక్కలో నుంచి జారిపోయారు. నిలబడినవారే మిగిలారు. 2008లో హార్వర్డ్‌కు చెందిన మిగెల్ హెర్నాన్ బృందం అవే నర్సుల రికార్డులను తీసుకొని, మాత్ర మొదలుపెట్టిన రోజు నుంచి, మొదలుపెట్టినవారిని మొదలుపెట్టనివారితో పోల్చింది. ప్రమాదం సగానికి తగ్గడం అన్నది కనబడకుండా పోయింది. మొదటి రెండేళ్లలో ప్రమాదం పెరిగినట్టే కనిపించింది, చీటీ ప్రయోగం చెప్పినట్టే. రికార్డులు అవే, నర్సులు అవే. ప్రశ్న సరిగ్గా అడగడంతో జవాబు మారింది.

మరి మన శిబిరం?

ఇప్పుడు నా వాక్యం దగ్గరికి వద్దాం. అందులో మూడు లోపాలు ఉన్నాయి.

ఒకటి, నేను లెక్కపెట్టింది క్రమంగా వచ్చేవారినే. రెండుసార్లు వచ్చి మానేసినవారు రిజిస్టరులో తర్వాతి పేజీల్లో లేరు. క్రమంగా వచ్చేవారు ఎవరు? నడవగలిగినవారు, తీసుకొచ్చే కొడుకో కోడలో ఉన్నవారు, పథ్యం పాటించేవారు. శిబిరం లేకపోయినా వారు కొంత మెరుగ్గానే ఉండేవారేమో.

రెండు, మనిషి పరీక్షకు వచ్చేదే షుగర్ బాగా పెరిగి కళ్లు తిరిగినప్పుడు. ఎక్కువలో ఎక్కువగా ఉన్నరోజు కొలిచింది తర్వాత ఎప్పుడు కొలిచినా కొంత తక్కువగానే కనబడుతుంది. వరద రోజున ఏటి నీరు కొలిచి, నెల తర్వాత తగ్గింది, మన కట్టవల్లే అన్నట్టు ఉంటుంది.

మూడు, ఇదే కాలంలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలో మాత్రలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ మేలు ఎవరిదో నేను విడదీయలేదు.

శిబిరం పనికిరాదని దీని అర్థం కాదు. షుగర్‌కు మందు మేలుచేస్తుందని శాస్త్రం ఎప్పుడో తేల్చింది. కాబట్టి మందుల పంపిణీ ఆగదు, ఎవరికీ చీటీ వేసి మందు మానిపించే ప్రశ్నే లేదు. తెలియనిది, మనం పెట్టే మిగతా ఖర్చుల సంగతి. ఉదాహరణకు ఇంటికి వెళ్లి ఆహారం గురించి, పాదాల సంరక్షణ గురించి చెప్పే కార్యకర్తకు జీతం ఇవ్వాలని కమిటీలో ప్రతిపాదన ఉంది. ఉన్న సొమ్ము సగం ఇళ్లకే సరిపోతుంది. ఎవరి సిఫార్సూ లేకుండా అందరి ఎదుట చీటీ తీసి, సగం ఇళ్లకు ఈ సంవత్సరం, మిగతా సగానికి వచ్చే సంవత్సరం పంపాలని నేను కోరాను. ఏడాది చివర రెండు గుంపులవారికీ మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. దీనికి డాక్టర్ల పర్యవేక్షణ, నైతిక సంఘం అనుమతి, ప్రతి ఇంటివారి ఇష్టపూర్వక అంగీకారం ముందుగా ఉండాలని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. కమిటీ ఆలోచిస్తోంది.

ఈలోగా రిజిస్టరు మార్చాం. మొదటిసారి వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, తేదీ, ఆనాటి కొలత రాస్తున్నాం. రానివారికి ఫోను చేస్తున్నాం. వారి కథ కూడా లెక్కలో ఉండాలి.

“మాస్టారూ, దానం చేసినవాడికి ఈ లెక్కలెందుకు? నియ్యత్ చాలదా?” అని ఒక పెద్దాయన అడిగారు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడానికి ఏ ప్రయోగమూ అక్కర్లేదు. జకాత్ ఎవరికి చెందాలన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, నా బోటివాడు మాట్లాడేది కాదు. నేను చెప్పేది ఒక్కటే. పేదవాడి కోసం మీరిచ్చిన రూపాయి మా చేతుల్లో అమానత్. అది పనిచేసే చోట పడిందో లేదో తెలుసుకోవడం ఆ అమానత్‌లో భాగమే. నియ్యత్ మీది, లెక్క మాది. ఇకపై మా నివేదికల్లో “ఎంతమందికి ఇచ్చారు?” అన్నదానితో పాటు “ఇవ్వకపోతే వారికి ఏమయ్యేది?” అని కూడా మమ్మల్ని అడగండి.

చివరగా, గత సంచికలోని నా వాక్యాన్ని ఇలా దిద్దుకొని చదువుకోవలసిందిగా మనవి: “శిబిరానికి క్రమంగా వస్తున్నవారిలో ఎక్కువమందికి షుగర్ అదుపులోకి వచ్చింది. ఇందులో మన శిబిరం వంతు ఎంతో ఇంకా తెలియదు. తెలుసుకునే పనిలో ఉన్నాం.”

అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, వాటిని మేలు జరిగే చోటికి చేర్చుగాక. ఆమీన్.